పదకొండు అడుగుల సరిహద్దు

గవర్రాజు ఇంటి ముందుగదిలో కిటికీ పక్కనున్న కంప్యూటరుకీ, వంటింటి గుమ్మం పక్కనున్న కంప్యూటరుకీ మధ్య దూరం పదకొండు అడుగులు. ఇదేదో కంటితో చూసి ఉజ్జాయింపుగా చెప్పిన మాట కాదు. ప్రభుత్వం వారు టేపు పట్టి కొలిచి, సాక్షి సంతకంతో ఖరారు చేసిన దూరం. అంతకు ముందు ఆ పదకొండు అడుగుల్లో ఒక చాప, రెండు ప్లాస్టిక్ కుర్చీలు తప్ప చెప్పుకోదగ్గవేవీ ఉండేవి కావు.

కిటికీ పక్కది గవర్రాజుది. విండోస్ మీద నడుస్తుంది. ఆయన కాకినాడలో దస్త్ర భద్రతా శాఖ వారి ప్రాంతీయ కార్యాలయంలో సూపరింటెండెంటు. వంటింటి గుమ్మం పక్కది ఆయన భార్య సత్యవేణి ల్యాప్‌టాప్. దాన్లో ఆవిడ తమ్ముడు లైనక్స్ ఎక్కించి ఇచ్చాడు. మొదట్లో ఈ రెండు యంత్రాలూ ఎడమొహం పెడమొహంగా ఉండేవి. ఆ తమ్ముడే ఒక ఆదివారమంతా కూర్చుని రెండింటికీ సంధి కుదిర్చి, "ఉమ్మడి" అని ఒక ఫోల్డరు పెట్టి వెళ్ళాడు. ఇటువాళ్ళు అందులో పడేస్తే అటువాళ్ళు తీసుకోవచ్చు. ఇంట్లో మంచినీళ్ళ కుండ లాంటిదన్నమాట, ఎవరికి దాహమేస్తే వాళ్ళు ముంచుకోవడమే. గ్యాసు బిల్లులూ, పెళ్ళిళ్ళ ఫోటోలూ, సత్యవేణి పరీక్షా పత్రాలూ అన్నీ ఆ కుండలోంచే అటూ ఇటూ తిరిగేవి. ఇందులో దేశద్రోహం ఉందని ఆ దంపతులకి అప్పటికి తెలీదు.

తెలియజెప్పింది డైరెక్టరు గారు. ఆయన జనవరిలో రెండు రోజులు ఏదో పెద్ద హోటల్లో "డిజిటల్ సార్వభౌమత్వం" మీద సదస్సుకి వెళ్ళొచ్చారు. వెళ్ళినవాళ్ళందరికీ ఒక సంచీ, ఒక పెన్నూ ఇచ్చారు. డైరెక్టరు గారికి వాటితోపాటు ఒక ఆలోచన కూడా వచ్చింది. సంచీతో ఊరుకున్నవాళ్ళు ఉత్తములు.

"ప్రతి ఆపరేటింగ్ సిస్టమూ ఒక సార్వభౌమ రాజ్యం, గవర్రాజు గారూ! దాని భాష వేరు, దాని ధర్మం వేరు. పాస్‌పోర్టు లేకుండా ఒక రాజ్యంలోంచి ఇంకో రాజ్యంలోకి మనిషిని వదుల్తామా? మరి ఫైలుని ఎలా వదుల్తున్నాం?"

"వదలకూడదు సార్," అన్నాడు గవర్రాజు. ఆ సంగతి ఆయన అంతకు ముందు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కానీ ఇరవై ఏడేళ్ళ సర్వీసులో, డైరెక్టరు "ఎలా వదుల్తున్నాం" అన్నప్పుడు "వదలకూడదు" అన్నవాడు చెడిపోయిన దాఖలా ఆయన చూడలేదు.

నిబంధన రాసే పని ఆయన మీదే పడింది. పడక ఎక్కడికి పోతుంది? గవర్రాజు రాసిన చిత్తులో చీమ దూరే సందుండదని శాఖలో పేరు. నాలుగు రోజులు కూర్చుని రాశాడు. "భిన్న నిర్వాహక వ్యవస్థలు గల రెండు గణన యంత్రముల నడుమ ఎట్టి దస్త్రమును పూర్వానుమతి లేక తరలింపరాదు" అని మొదలుపెట్టి, ఉద్యోగులు ఇంటికి పని పట్టుకెళ్తారు కదా అని గుర్తొచ్చి, "ఉద్యోగుల కుటుంబములతో సహా" అని తగిలించాడు. కుటుంబం అంటే ఏమిటని రేపెవరైనా అడిగితే? పాత రేషను కార్డుల రూలు తీసి, "ఒకే పొయ్యి మీద వండుకొని తినువారు కుటుంబమనబడుదురు" అని నిర్వచనం కూడా చేర్చాడు. ఆ వాక్యం రాశాక రెండుసార్లు చదువుకుని కాఫీ తెప్పించుకున్నాడు.

ఫిబ్రవరిలో నిబంధన అమల్లోకి వచ్చింది. ఆఫీసులో నూట నలభై ఆరుగురికీ డిక్లరేషన్ ఫారాలు పంచారు. మీ ఇంట కంప్యూటర్లు ఎన్ని, ఏయే వ్యవస్థలవి అని రెండే కాలాలు. నూట నలభై ఐదుగురు "లేవు" అని రాసి ఇచ్చేశారు. రోజూ భుజాన ల్యాప్‌టాప్ వేసుకొచ్చే స్టెనో కూడా, దాన్ని బల్ల మీద నుంచి పక్కకి జరిపి, అక్కడే ఫారం పెట్టుకుని "లేవు" అని రాశాడు.

గవర్రాజు మాత్రం "రెండు. విండోస్ ఒకటి, లైనక్స్ ఒకటి" అని గుండ్రటి అక్షరాలతో నింపాడు.

"అదేంటండి బాబూ!" అంది పక్క సీటు రామతులసి, ఫారం చూసి బుగ్గలు నొక్కుకుని. "కాలం ఉంది కదా అని నిజం రాసేస్తారా?"

రూలు రాసినవాడు అబద్ధం రాస్తే రూలుకే అవమానం అన్నాడు గవర్రాజు. ఆ విధంగా నిబంధన అమలుకి మంజూరైన యావత్తు యంత్రాంగమూ, అంటే ఒక చెక్‌పోస్టు, ఒక తనిఖీ అధికారి, ఒక సమన్వయ కమిటీ, రాయుడుపాలెంలో ఆయన అద్దెకుంటున్న రెండు గదుల మీదికి వచ్చి వాలింది.

తనిఖీ అధికారి పేరు పరదేశి నాయుడు. ఒక సోమవారం పొద్దున్న ఆటోలో మడత బల్ల, స్టూలు, మూడు రిజిస్టర్లు, రబ్బరు స్టాంపు, ఎర్రగుడ్డ కట్టిన తాడు దింపుకుని, చెప్పులు బయటే విడిచి లోపలికొచ్చాడు. టేపుతో పదకొండు అడుగులూ కొలిచి, సరిగ్గా అయిదున్నర దగ్గర తాడు కట్టాడు.

"ఏమనుకోకండమ్మా," అన్నాడు సత్యవేణితో. "డ్యూటీ అండి మరి. కాఫీలో పంచదార ఒక్క చెంచా చాలండి."

"ఉమ్మడి" ఫోల్డరుని అక్రమ రహదారిగా ప్రకటించి మూయించాడు. ఆ మూత సత్యవేణి గొంతుకి అడ్డం పడింది.

సంగతేమిటంటే, ఆవిడ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతోంది. పంతొమ్మిదేళ్ళ నుంచీ కాంట్రాక్టు మీదే. ప్రతి ఏప్రిల్‌లోనూ ఉద్యోగం పోయేది, ప్రతి జూన్‌లోనూ వచ్చేది. ఆ నడుమ రెండు నెలలూ ఆవిడ గుమ్మంలో చెప్పుల చప్పుడైతే చాలు ఆర్డరేమోనని లేచి చూసేది. ఇన్నేళ్ళకి పర్మనెంటు చేస్తాం, సర్వీసు సర్టిఫికెట్లు మార్చి ముప్ఫై ఒకటి సాయంత్రం అయిదింటిలోగా వెబ్‌సైటులో పెట్టండి అని ఉత్తర్వు వచ్చింది. ఏడుగురు ప్రిన్సిపాళ్ళ దగ్గర తెచ్చుకున్న ఏడు సర్టిఫికెట్లు. స్కానరు గవర్రాజు కంప్యూటరుకే ఉంది గనక అక్కడే స్కాన్ చేసి, అసలు కాగితాల్ని పరిశీలన కోసం ఆవిడ విద్యాశాఖకి పంపేశారు. దరఖాస్తేమో ఆవిడ ల్యాప్‌టాప్‌లో మొదలుపెట్టింది. ఏ యంత్రం మీద మొదలుపెట్టినది ఆ యంత్రం మీదే ముగించవలెనని ఆ శాఖ వారి నియమం. తెలివితేటలు ఒక్క శాఖ సొత్తా?

"ఏవండీ, ఆ ఏడూ ఇటు పడెయ్యండి," అంది సత్యవేణి.

"పడెయ్యడమేంటే? పద్ధతి ప్రకారం పంపుతాను," అన్నాడు గవర్రాజు. ఆయనకి లోపల సంతోషంగానే ఉంది. తను రాసిన రూలు తన కళ్ళ ముందు కదలడం ఎంతమంది గుమాస్తాలు చూడగలరు?

పద్ధతి ప్రకారం ప్రతి వ్యవస్థకీ ఒక నోడల్ అధికారి ఉండాలి. విండోస్‌కి గవర్రాజు సరే. లైనక్స్‌కి సత్యవేణి పనికిరాదు, ఆవిడ శాఖ ఉద్యోగి కాదు. అందుచేత ఆ అదనపు బాధ్యత కూడా గవర్రాజుకే అప్పగించారు. ఆయన కిటికీ దగ్గర కూర్చుని "లైనక్స్ విభాగపు నోడల్ అధికారి గారి దివ్యసముఖమునకు" అని ఉత్తరం రాసేవాడు. లేచి తాడు దగ్గరికి వచ్చేవాడు. నాయుడు రిజిస్టర్లో ఎక్కించి, స్టాంపు వేసి, తాడు ఎత్తేవాడు. గవర్రాజు వంగి అవతలికి వెళ్ళి, వంటింటి గుమ్మం పక్కన కూర్చుని ఆ ఉత్తరం అందుకునేవాడు. చదివి, కళ్ళజోడు తుడుచుకుని, "నాలుగవ సర్టిఫికెట్టున ప్రిన్సిపాలు వారి సంతకము ముద్రపై పడియున్నది. ముద్ర సంతకముపై పడినదా, సంతకము ముద్రపై పడినదా స్పష్టపరుపుడు" అని తిరుగు జవాబు రాసేవాడు.

మూడో రోజుకి కిటికీ దగ్గర కూర్చున్న గవర్రాజుకి కోపమొచ్చేసింది. "చూశావా నాయుడూ, ఆ లైనక్స్ ఆయన రాసే భాష? బొత్తిగా మర్యాద లేదు. నేనూ తగ్గను."

"మీరిద్దరూ సీనియర్లండి. నేను మధ్యలో ఎందుకండి?" అన్నాడు నాయుడు.

సత్యవేణి ఈ ఉత్తర ప్రత్యుత్తరాలు రెండు వారాలు చూసింది. ఒక సాయంత్రం విసుగెత్తి, "పోనీ ఆ సర్టిఫికెట్ల నంబర్లూ తేదీలూ పైకి చదవండి. దరఖాస్తులో కాలాలైనా నింపుకుంటాను," అంది. ఆయన చదివాడు, ఆవిడ కొట్టుకుంది. నాయుడు కిటికీలోంచి కొబ్బరిచెట్టు చూస్తూ కూర్చున్నాడు. మంచివాడు. కానీ ఆ పూటే తనిఖీకొచ్చిన జాయింటు డైరెక్టరు గారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు.

మర్నాడు గవర్రాజుని పిలిపించారు.

"దస్త్రం తరలలేదు, ఒప్పుకుంటాం. దస్త్రసారం తరలిందా, లేదా? నోటి ద్వారా, చెవి ద్వారా తరలినది తరలింపు కాదా?" అన్నారు డైరెక్టరు గారు. "ఇదొక నూతన ప్రమాదం. సవరణ ఎవరు రాస్తారు?"

ఎవరు రాస్తారో మీకూ తెలుసు. సవరణ ప్రకారం భిన్న వ్యవస్థల వినియోగదారులు ఒకరితో ఒకరు దస్త్ర విషయం మాట్లాడరాదు. మాట్లాడబోయేది దస్త్ర విషయమో కాదో మాట్లాడితే గాని తెలీదు గనక, అన్ని మాటలకీ ముందు అనుమతి కావాలి. దానికి నాలుగో నంబరు ఫారం. విషయం, అవసరం, మాటల సంఖ్య సుమారుగా. గవర్రాజు ఆ ఫారానికి గీతలు స్కేలుతో తనే గీశాడు.

ఆ రోజు నుంచి వంటింట్లోంచి సత్యవేణి ఫారం మీద రాసేది: "విషయం: ఉప్పు. అవసరం: చారులో సరిపోయిందా. మాటలు: రెండు." నాయుడు స్టాంపు వేసి తాడు మీదుగా అందించేసరికి చారు చల్లారిపోయేది. గవర్రాజు "సరిపోయింది" అని ఒక్క మాటలో జవాబిచ్చి, మంజూరైన రెండింట్లో ఒకటి మిగిల్చినందుకు గర్వపడేవాడు. అలా కొన్నాళ్ళు జరిగాక ఆవిడ ఫారాలు అడగడం మానేసింది. ఇల్లు చప్పుడు లేకుండా అయిపోయింది. పనులు ఇంత క్రమశిక్షణగా ఎప్పుడూ సాగలేదనుకున్నాడాయన.

మార్చి ముప్ఫై ఒకటి రానే వచ్చింది. సర్టిఫికెట్ల తరలింపుకి గవర్రాజు పెట్టిన దరఖాస్తు మీద, మధ్యాహ్నం మూడింటికి సమన్వయ కమిటీ నుంచి కవరొచ్చింది. అనుమతేనని గవర్రాజు చింపి చూశాడు. "ఏడు దస్త్రములకు ఒకే దరఖాస్తు చెల్లదు. ఏడింటికీ విడివిడిగా సమర్పించినచో వచ్చే సమావేశమున పరిశీలింపబడును." డైరెక్టరు గారికి ఫోన్ చేస్తే, ఆయన వేరే ఊళ్ళో సదస్సులో ఉన్నారన్నారు. సదస్సు విషయం పనులలో వేగం.

గవర్రాజు ఫోన్ పెట్టేసి తాడు అవతలికి చూశాడు. సత్యవేణి ల్యాప్‌టాప్ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తెరమీద ఏడు ఖాళీ గళ్ళు. మూడు వారాల తర్వాత, ఫారం లేకుండా, ఆవిడ నోరు విప్పింది.

"నాకు నలభై ఏడు నిండాయండి. పంతొమ్మిదేళ్ళు ప్రతి జూన్‌లోనూ కొత్తగా చేరాను. ఇది తప్పితే ఇంక లేదు."

నాయుడు రిజిస్టరు తెరవలేదు. గవర్రాజుకి సిగ్గేసింది. ఇరవై ఏడేళ్ళలో తన రాత చూసుకుని సిగ్గుపడటం అదే మొదలు. తాడు పట్టుకుని లాగేద్దామని చెయ్యి వెళ్ళింది కూడా. కానీ అటు తాడు కట్టిన నాయుడికి ముగ్గురు పిల్లలు. ఉల్లంఘన జరిగితే మొదట పోయేది తనిఖీ అధికారి ఉద్యోగమని తొమ్మిదో క్లాజు. అదీ తను రాసిందే. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏదీ, ఆ రూలు ఇలా ఇయ్యండి," అంది సత్యవేణి. "ఇన్నాళ్ళూ అనుభవించడమే గాని చదవలేదు."

నాయుడు అందించాడు. ఆవిడ పాఠం చెప్పే మనిషి. వేలు పెట్టి వరస వరసా చదివింది. ఒక చోట వేలు ఆగింది.

"ఒకే పొయ్యి మీద వండుకొని తినువారు కుటుంబమనబడుదురు. నాయుడు గారూ, పొయ్యిలు రెండైతే?"

"కుటుంబాలూ రెండేనండమ్మా. వేరు కాపురం. అప్పుడది వేరే ఇంటి కంప్యూటరండి."

"వేరే ఇంటికి ఫైలు పంపడానికి అనుమతి కావాలా?"

నాయుడు పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పాడు. "అక్కర్లేదండి. ఉగాండాకైనా పంపుకోవచ్చండి. ఒకే ఇంట్లోనే పంపకూడదండి."

ఆవిడ లేచింది. పెరట్లో ఇంటావిడ సూరమ్మ గారి గది ఒకటి ఖాళీగా ఉంది. సత్యవేణి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని అటు నడిచింది. సంగతి విన్న సూరమ్మ గారు కిరసనాయిలు స్టవ్వు ఒకటి తెచ్చి దింపింది.

"వేరు కాపురం పెట్టేదానివి పాలు పొంగించకుండా ఎలాగే? అపశకునం కూడానూ," అని గిన్నెతో పాలు కూడా తెచ్చింది.

నాలుగూ పదైంది. స్టవ్వు ఒత్తులు పాతవి, మంట ఎక్కదు. గవర్రాజు, నాయుడు, సూరమ్మ గారు గిన్నె చుట్టూ నిలబడ్డారు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో గవర్రాజు ఏ దేవుడికీ అంత గట్టిగా మొక్కలేదు. తన పెళ్ళాం తన నుంచి వేరుపడే పాలు తొందరగా పొంగాలని మొక్కుతున్నానని ఆయనకి మధ్యలో తట్టింది. అయినా మానలేదు.

"పరిపాలనా సౌలభ్యం కోసం కాస్త ఊదండి సార్," అన్నాడు నాయుడు. గవర్రాజు మోకాళ్ళ మీద కూర్చుని ఊదాడు.

నాలుగూ ముప్ఫై ఒకటికి పాలు పొంగాయి. నాయుడు రిజిస్టర్లో "పొంగినవి, స్వయముగా చూచితిని" అని రాసి స్టాంపు వేశాడు. గవర్రాజు కిటికీ దగ్గరికి పరుగెత్తి ఏడు సర్టిఫికెట్లూ మెయిల్ చేశాడు. అవి వెళ్ళడానికి ఊపిరి పీల్చినంత సేపు కూడా పట్టలేదు. నాలుగూ యాభై రెండుకి పెరట్లోంచి కేక వినిపించింది.

"వెళ్ళిపోయిందండీ! నంబరొచ్చింది!"

గవర్రాజు చెమట తుడుచుకుని నవ్వాడు. "సరే, ఇంక ఇంట్లోకి రా. నాయుడూ, కలిసిపోయినట్టు రాసుకో."

నాయుడు రిజిస్టరు చివరి వరకూ చూశాడు. "వేరుపడ్డానికి ఒక కాలం ఉందండి. కలవడానికి కాలం లేదు సార్."

లేదు. చీమ దూరే సందు లేకుండా రాశాడాయన.

సత్యవేణి పెరటి గదిలోనే ఉండిపోయింది. ఆర్డరు వచ్చేదాకా ఏ విచారణ వస్తుందోనని ఆవిడకీ భయమే. గవర్రాజు తన స్టవ్వు మీద అన్నం ఓ పూట మాడ్చుకుని, ఓ పూట పలుకు మీద దించుకుని తింటున్నాడు. పెరట్లోంచి వంకాయ కూర వాసన వచ్చినప్పుడల్లా కిటికీ దగ్గరికి వెళ్ళేవాడు. కావాలంటే ఏ ఫారంలో అడగాలో ఆయనకి తెలీదు.

ఏప్రిల్‌లో చెక్‌పోస్టు ఎత్తేశారు. రాష్ట్రంలోనే ఏకైక భిన్న వ్యవస్థల కుటుంబం నివారింపబడింది గనక లక్ష్యం నూటికి నూరు శాతం నెరవేరిందని డైరెక్టరు గారు నివేదిక పంపి, గవర్రాజుకి సభలో శాలువా కప్పారు. నాయుడు బల్ల మడిచి, తాడు చుట్ట చుట్టుకుని, గుమ్మంలో ఆగాడు.

"సార్, ఓ చిన్న మాటండి. మా ఇంట్లో మూడున్నాయండి, మూడు రకాలవి. లేవని రాశానండి. కలిసుండాలి కదండి మరి."

మే నెల చివర సత్యవేణికి పర్మనెంటు ఆర్డరొచ్చింది. పెరటి గది చిరునామాకే వచ్చింది. ఆవిడ గుమ్మంలో నిలబడి చదువుకుంటూ ఉంటే గవర్రాజు కిటికీలోంచి చూశాడు. ఈ జూన్‌లో ఆవిడ కొత్తగా చేరక్కర్లేదు. అవతలికి వెళ్ళి ఒక్క మాట అందామనుకుని, చెప్పులేసుకుని ఆఫీసుకి వెళ్ళిపోయాడు. అదే రోజు ఆఫీసులో కొత్త సంవత్సరపు డిక్లరేషన్ ఫారాలు పంచారు. మీ కుటుంబమున కంప్యూటర్లు ఎన్ని? కుటుంబ యజమాని సంతకం.

ఆయన ఫారం జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి వంటింట్లోకి వెళ్ళాడు. స్టవ్వుకున్న గొట్టం ఊడదీసి, రెండు బర్నర్ల స్టవ్వునీ రెండు చేతులా ఎత్తుకుని పెరట్లోకి నడిచి, సత్యవేణి గుమ్మం ముందు దింపాడు. 

"ఏంటండి ఇది?"

"నాకు పొయ్యి లేదు," అన్నాడు గవర్రాజు. "రూలు ప్రకారం ఎవరి పొయ్యి మీద తింటే వాళ్ళ కుటుంబం. పెడితే నీ కుటుంబం. యజమానివి నువ్వే." జేబులోంచి ఫారం తీసి ఇచ్చాడు.

ఆవిడ స్టవ్వు వంక చూసింది, ఆయన వంక చూసింది. తన పళ్ళెం పక్కనే ఆయనకీ ఒక పళ్ళెం పెట్టి అన్నం వడ్డించింది. పెన్ను తీసి, కంప్యూటర్లు ఎన్ని అన్న చోట "లేవు" అని రాసి, యజమాని అన్న చోట సంతకం పెట్టింది.

"అది నిజం కాదు కదే..." అన్నాడు గవర్రాజు.

"కూర్చోండి," అంది సత్యవేణి. "అన్నం చల్లారిపోతోంది."

ఆయన కూర్చున్నాడు.